కంటి కదలికల చికిత్స ఈఎండీఆర్: మానసిక గాయం నుంచి కోలుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈఎండీఆర్ అంటే ఏమిటి?

ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్ అనే పొడవైన పేరుకు కుదించిన రూపం ఈఎండీఆర్. తీవ్రమైన భయం, హింస, ప్రమాదం, ఆప్తుల హఠాన్మరణం వంటి అనుభవాలు మనసులో మిగిల్చిన గాయానికి ఇది ఒక మానసిక చికిత్స. బాధపెట్టే జ్ఞాపకాన్ని కొద్దిసేపు మనసులో నిలుపుకుంటూ, అదే సమయంలో థెరపిస్ట్ వేళ్ల కదలికను అనుసరించి కళ్లను అటూ ఇటూ తిప్పడం ఇందులో ప్రధానంగా కనిపించే పని. అయితే కనిపించే ఈ పని చికిత్స మొత్తంలో ఒక భాగం మాత్రమే. దానికి ముందు జరిగే సన్నాహమూ, తర్వాత జరిగే పరిశీలనా లేకుండా కేవలం కళ్లు తిప్పడాన్ని ఈఎండీఆర్ అనలేము.

ఎప్పుడో జరిగిపోయిన సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు ఎందుకు అనిపిస్తుంది?

మామూలు జ్ఞాపకానికి ఒక కాలం, ఒక చోటు, ఒక ముగింపు ఉంటాయి. పదేళ్ల కిందటి గొడవను తలుచుకున్నప్పుడు కాస్త బాధ కలిగినా, అది పదేళ్ల కిందటిదేనన్న ఎరుక మనకు ఉంటుంది. ప్రాణభయంలో ఏర్పడిన జ్ఞాపకం చాలామందిలో ఇలా సర్దుకోదు. ఆ క్షణపు దృశ్యం, చప్పుడు, వాసన, ఒంట్లో పుట్టిన వణుకు, అప్పుడు మనసులో మెదిలిన ఆలోచన ముక్కలుముక్కలుగా, పచ్చిగా నిలిచిపోతాయి. అందుకే ఎక్కడో తలుపు దబ్బున పడినా, ఒక పాత వాసన తగిలినా శరీరం మళ్లీ ఆ రోజుకే వెళ్లిపోతుంది. బుద్ధికి అది అయిపోయిందని తెలుసు, కానీ గుండె దడకు ఆ సంగతి తెలియదు.

ఫ్లాష్‌బ్యాక్‌లు, పీడకలలు, సంఘటనను గుర్తుచేసే మనుషులకూ చోట్లకూ దూరంగా తిరగడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం, తనపైనా లోకంపైనా నమ్మకం పోవడం వంటివి నెల రోజులకు మించి కొనసాగి రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీగా, అంటే మానసిక గాయం తర్వాత వచ్చే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే రుగ్మతగా నిర్ధారించే అవకాశం ఉంది. ఈ రుగ్మతకు 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ గ్రంథంలో ప్రత్యేక స్థానం లభించింది. ఇది పిరికితనమూ కాదు, మనోబలం లేకపోవడమూ కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే చికిత్సకు రావలసినవారిలో ఎందరినో ఏళ్ల తరబడి ఆపేస్తున్నది ఆ సిగ్గే.

ఈ పద్ధతి ఎలా పుట్టింది?

అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షాపిరో 1987లో ఒక పార్కులో నడుస్తుండగా, తనను వేధిస్తున్న ఆలోచనల తీవ్రత ఉన్నట్టుండి తగ్గడాన్నీ, ఆ సమయంలో తన కళ్లు వాటంతటవే వేగంగా అటూ ఇటూ కదలడాన్నీ గమనించారు. ఆ గమనింపునే పరీక్షకు పెట్టి, మానసిక గాయాలతో బాధపడుతున్న 22 మందితో చేసిన అధ్యయనాన్ని 1989లో ప్రచురించారు. మొదట్లో దీన్ని కేవలం భయ తీవ్రతను తగ్గించే పద్ధతిగా భావించిన ఆమె, జ్ఞాపకానికి మనిషి ఇచ్చుకునే అర్థం కూడా మారుతోందని గ్రహించి పేరులో రీప్రాసెసింగ్, అంటే జ్ఞాపకాన్ని మనసు మళ్లీ సర్దుకోవడం, అనే మాటను చేర్చారు. ఆమె 2019లో మరణించారు.

కళ్లు తిప్పితే మనసు కుదుటపడటం ఏమిటి?

ఈ సందేహం అందరికీ వస్తుంది, రావడమే సహజం. దీనికి ఒకే ఒక్క తిరుగులేని సమాధానం ఇంకా తేలలేదు. ఉన్నవాటిలో ప్రయోగశాలల్లో ఎక్కువ బలం చేకూరిన వివరణ పని జ్ఞాపకశక్తికి, అంటే ఏ క్షణాన ఆ క్షణానికి మన మనసు పట్టి ఉంచగలిగిన సమాచారానికి సంబంధించినది. ఆ శక్తికి పరిమితి ఉంది. ఒక భయంకర దృశ్యాన్ని మనసులో నిలపడానికి కొంత శక్తి కావాలి, వేగంగా కదిలే వేళ్లను కళ్లతో వెంబడించడానికీ కొంత కావాలి. రెండూ ఒకేసారి చేయవలసి వచ్చినప్పుడు దృశ్యానికి అందవలసిన శక్తి తగ్గిపోయి, దాని రంగు వెలిసినట్టు, అది కాస్త దూరం జరిగినట్టు అనిపిస్తుంది.

దీనికి తోడుగా మరో సంగతి ఉంది. గుర్తుచేసుకున్న జ్ఞాపకం కొంతసేపు మెత్తబడి, ఆ తర్వాత మళ్లీ గట్టిపడగలదని జ్ఞాపకశక్తి పరిశోధనలు సూచిస్తున్నాయి. మెత్తబడిన ఆ వ్యవధిలో దాని తీవ్రత తగ్గితే, తగ్గిన రూపంలోనే అది తిరిగి నిలిచిపోవచ్చు. కమ్మరి ఇనుమును కాల్చినప్పుడే వంచగలడు, చల్లారాక వంగదు. జ్ఞాపకం విషయంలోనూ దాదాపు అంతే, దాన్ని తాకకుండా మార్చలేము.

కలలు వచ్చే నిద్రదశలో కళ్లు వేగంగా కదులుతాయి కనుక ఇదీ అలాంటిదేనని కొందరు, ఎడమ కుడి కదలిక మెదడుకు చుట్టూ ప్రమాదమేమీ లేదన్న సంకేతాన్ని ఇస్తుందని మరికొందరు వాదిస్తారు. ఇవి ఆసక్తికరమైన ఊహలే గానీ, నిరూపణ అయిన సత్యాలుగా వాటిని చెప్పడం తొందరపాటు అవుతుంది. మెదడు ఎడమ భాగాన్నీ కుడి భాగాన్నీ సరిచేస్తామని ధీమాగా ప్రకటించేవారి మాటలను కొంచెం ఆగి వినడం మంచిది.

కళ్ల కదలిక నిజంగా అవసరమా, లేక అది పైపై హంగేనా?

ఈ వివాదం ముప్పై ఏళ్లకు పైబడినది. దాన్ని దాచిపెట్టి ఈఎండీఆర్ గురించి చెప్పడం నిజాయితీ కాదు. కళ్లు కదిపించిన చికిత్సనూ, కదిపించని చికిత్సనూ పోల్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2001లో డేవిడ్‌సన్, పార్కర్ అనే పరిశోధకులు విశ్లేషించినప్పుడు, కదలిక వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. 2013లో లీ, కైపర్స్ చేసిన విశ్లేషణలో మాత్రం అదనపు ప్రయోజనం ఉన్నట్టు తేలింది. మరోవైపు క్లిష్టమైన బొమ్మను చూసి గీయడం, లెక్కలు వేయడం వంటి మనసును నిమగ్నం చేసే ఇతర పనులు కూడా జ్ఞాపకపు తీవ్రతను తగ్గించగలవని ప్రయోగాలు చూపించాయి.

వీటన్నిటినీ కలిపి చూస్తే, మహిమ కంటిలో లేదని, జ్ఞాపకాన్ని తలుచుకుంటూనే వర్తమానంలో ఒక కాలు గట్టిగా ఆనించి ఉంచడంలో ఉందని అనిపిస్తుంది. అందుకు కంటి కదలిక అందరికీ వీలయ్యే, మాటలు అక్కరలేని, వేగాన్ని సులువుగా పెంచుకోగల లేదా తగ్గించుకోగల సాధనం.

చికిత్స పనిచేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయా?

ఉన్నాయి. ఎలా పనిచేస్తుందన్న దానిపై తర్జనభర్జన సాగుతున్నా, పీటీఎస్‌డీలో పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో విడుదల చేసిన మార్గదర్శకాలు పీటీఎస్‌డీ ఉన్న పెద్దలకూ పిల్లలకూ సూచించిన చికిత్సలలో ట్రామాపై, అంటే మానసిక గాయంపై దృష్టి పెట్టి ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో పాటు ఈఎండీఆర్ కూడా ఉంది. బ్రిటన్‌లో చికిత్సలపై సూచనలు ఇచ్చే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు, యుద్ధంతో సంబంధం లేని ట్రామా వల్ల పీటీఎస్‌డీ వచ్చిన పెద్దలకు దీన్ని సిఫారసు చేశాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2017లో దీన్ని షరతులతో కూడిన సిఫారసు స్థాయిలోనే ఉంచింది. ఈ తేడాలు ఉన్నాయని తెలిసి ఉండటం మంచిదే.

2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 88 మందిని మూడు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఈఎండీఆర్, రెండో వర్గానికి కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సిటిన్ మందు, మూడో వర్గానికి ఉత్తుత్తి మాత్ర 8 వారాల పాటు ఇచ్చారు. ఆ తర్వాత ఆరు నెలలకు పరీక్షించగా, ఈఎండీఆర్ పొందినవారిలో మేలు నిలిచింది. ముఖ్యంగా పెద్ద వయసులో గాయపడినవారిలో ఫలితం స్పష్టంగా కనిపించగా, బాల్యంలోనే గాయపడినవారిలో అంత బలంగా కనిపించలేదు.

ఒక సెషన్‌లో అసలు ఏం జరుగుతుంది?

మొత్తం చికిత్సకు ఎనిమిది దశలు ఉన్నాయి. మొదటి దశలో థెరపిస్ట్ మీ గతాన్నీ, ఇప్పటి ఇబ్బందులనూ తెలుసుకుని ఏ జ్ఞాపకంతో మొదలుపెట్టాలో మీతో కలిసి నిర్ణయిస్తారు. రెండో దశ సన్నాహం. బాధ ఉప్పొంగినప్పుడు మనసును నిలదొక్కుకునే మార్గాలను ఇక్కడ నేర్పుతారు. ప్రశాంతంగా అనిపించే ఒక చోటును కళ్లకు కట్టినట్టు ఊహించుకోవడం, బరువైన ఆలోచనలను ఒక పెట్టెలో పెట్టి మూత వేసినట్టు భావించడం అటువంటివే. చేయి పైకెత్తితే వెంటనే ఆపేయాలన్న సంకేతాన్ని కూడా ముందే అనుకుంటారు. ఈ దశను తొందరగా దాటించాలని చూసే థెరపిస్ట్ కంటే, ఇక్కడే మూడు నాలుగు సెషన్లు గడిపే థెరపిస్ట్ నయం.

ఆ తర్వాతి దశలు ఎలా ఉంటాయో చెప్పడానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. రోడ్డు ప్రమాదం నుంచి బయటపడిన ఒక వ్యక్తి రెండేళ్లుగా కారు ఎక్కలేకపోతున్నాడు. ఆ సంఘటన మొత్తంలో అన్నిటికన్నా బాధపెట్టే దృశ్యం ఏదని థెరపిస్ట్ అడిగితే, ఎదుటి అద్దం సాలెగూడులా పగిలిన క్షణమని చెబుతాడు. ఆ దృశ్యాన్ని తలుచుకుంటే మీ గురించి మీకు ఏమనిపిస్తోందని అడిగితే, నేను ఏమీ చేయలేని నిస్సహాయుణ్ని అంటాడు. దానికి బదులుగా ఏమని నమ్మగలిగితే బాగుంటుందంటే, ఆ గండం గడిచింది, నేనిప్పుడు క్షేమంగా ఉన్నాను అంటాడు. ఈ రెండో మాట ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 వరకు, బాధ ఎంత ఉందో 0 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పమంటారు. ఆ మాట నిజమనిపించడానికి 2, బాధకు 9 చెబుతాడు. ఆ బాధ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందంటే, ఛాతీ మీద చేయి పెడతాడు.

అప్పుడు థెరపిస్ట్ రెండు వేళ్లను అతని ముఖానికి అడుగు దూరంలో ఉంచి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు చకచకా కదుపుతారు. తల కదపకుండా కళ్లతోనే అతను వాటిని వెంబడిస్తాడు. అర నిమిషం అటూఇటూగా అయ్యాక వేళ్లు ఆగుతాయి. ఒక దీర్ఘశ్వాస తీసుకోండి, ఇప్పుడు ఏం వస్తోంది అని థెరపిస్ట్ అడుగుతారు. పెట్రోలు వాసన అంటాడు. సరే, దానితోనే ఉండండి అని మళ్లీ వేళ్లు కదుపుతారు. ఈసారి చేతులు చల్లబడుతున్నాయంటాడు. ఇంకోసారి కోపం వస్తుంది. అలా కొన్ని విడతల తర్వాత, అంబులెన్సు వచ్చేదాకా తన చేయి పట్టుకుని కూర్చున్న ఎవరో ముక్కూమొహం తెలియని స్త్రీ గుర్తుకొస్తుంది. ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె అతని తలపులోకి రాలేదు. పగిలిన అద్దం ఆమెను కప్పేసింది.

థెరపిస్ట్ మధ్యలో ఉపన్యాసం ఇవ్వరు, అర్థాలు చెప్పరు. రైల్లో కూర్చుని కిటికీలోంచి వెనక్కి పోతున్న చెట్లను చూసినట్టు చూడండి అని మాత్రం ముందుగా చెబుతారు. బాధ అంకె 0కో, దాని దగ్గరికో వచ్చాక, కోరుకున్న కొత్త నమ్మకాన్ని ఆ దృశ్యంతో జతచేసి బలపరుస్తారు. తర్వాత తల నుంచి పాదాల వరకు ఎక్కడైనా బిగువు మిగిలిందేమో గమనించమంటారు. పని పూర్తయినా కాకపోయినా సెషన్ చివర మనసును నెమ్మదింపజేసే పంపిస్తారు. తర్వాతి సెషన్ మొదట్లో, క్రితంసారి పని ఎంత నిలిచిందో చూస్తారు. ఒక్కో సెషన్ సాధారణంగా 60 నుంచి 90 నిమిషాలు పడుతుంది.

జరిగినదంతా వివరంగా చెప్పుకోవాలా?

అక్కరలేదు. నోటితో చెప్పుకోలేని గాయాలు ఉన్నవారికి ఈ పద్ధతి ఊరటనిచ్చేది ఇక్కడే. జ్ఞాపకాన్ని మీరు మనసులో నిలుపుకుంటే చాలు, ప్రతి వివరాన్నీ థెరపిస్ట్‌కు చెప్పనవసరం లేదు. చాలా చికిత్సల్లో ఉండే ఇంటిపని కూడా ఇందులో పెద్దగా ఉండదు. సెషన్ల మధ్య వచ్చిన కలలనూ, ఆలోచనలనూ క్లుప్తంగా రాసి ఉంచమంటారు, అంతే.

జ్ఞాపకం చెరిగిపోతుందా?

చెరిగిపోదు. ఏం జరిగిందో, ఎవరు చేశారో, ఎక్కడ జరిగిందో గుర్తుంటుంది. మారేది దాని పదును. మానిన గాయపు మచ్చను వేలితో తడిమితే అక్కడ ఏదో జరిగిందని తెలుస్తుంది గానీ నొప్పి పుట్టదు, అటువంటి స్థితి ఇది.

అయితే కోర్టులో సాక్ష్యం చెప్పవలసినవారు ఒక జాగ్రత్త పాటించాలి. జ్ఞాపకం స్పష్టత తగ్గే అవకాశం ఉంది కనుక, చికిత్స మొదలుపెట్టే ముందే న్యాయవాదికీ థెరపిస్ట్‌కూ ఆ సంగతి తెలియజేయడం అవసరం. అలాగే సెషన్‌లో కొత్తగా మెదిలిన ప్రతి దృశ్యమూ జరిగిన వాస్తవమేనని తీర్మానించకూడదు. మనసు ఊహనూ జ్ఞాపకాన్నీ కలిపి అల్లగలదు. మరిచిపోయిన ఘోరాలను వెలికితీస్తామని చెప్పేవారి దగ్గరికి వెళ్లకండి.

ఇది హిప్నాటిజమా?

కాదు. మీరు పూర్తి మెలకువతో ఉంటారు, ఏ క్షణంలోనైనా ఆపేయగలరు.

ఎన్ని సెషన్లు అవసరమవుతాయి?

పెద్ద వయసులో ఒకే ఒక్క సంఘటన వల్ల గాయపడి, మిగతా జీవితం స్థిరంగా ఉన్నవారిలో కొద్ది సెషన్లకే స్పష్టమైన మార్పు రావచ్చు. ఇటువంటి చికిత్సలకు 8 నుంచి 12 సెషన్ల దాకా ప్రణాళిక వేసుకోవడం మామూలు. చిన్నతనం నుంచి ఏళ్ల తరబడి హింసను, నిర్లక్ష్యాన్ని అనుభవించినవారికి నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఎందుకంటే అక్కడ మానవలసింది ఒక జ్ఞాపకం కాదు, మనుషులను నమ్మే శక్తే దెబ్బతిని ఉంటుంది. రెండే సెషన్లలో పూర్తి విముక్తి అనే ప్రకటనలు ఇటువంటివారిని మరింత కుంగదీస్తాయి, లోపం తమలోనే ఉందని వారు అనుకుంటారు.

సెషన్ తర్వాత ఎలా ఉంటుంది? దుష్ప్రభావాలు ఉంటాయా?

ఒకటి రెండు రోజులు అలసట, తలనొప్పి, కళ్ల నొప్పి, రంగురంగుల కలలు, కారణం లేకుండా కన్నీళ్లు రావడం, సంబంధిత జ్ఞాపకాలు పైకి తేలడం మామూలే. అందుకే సెషన్ ముగిసిన వెంటనే ముఖ్యమైన సమావేశమో, దూరప్రయాణమో పెట్టుకోకుండా కాసేపు నెమ్మదిగా గడిపేందుకు వీలు చూసుకోవాలి. బాధ రోజురోజుకూ పెరుగుతున్నా, నిద్ర పూర్తిగా దూరమైనా తర్వాతి సెషన్ వరకు ఆగకుండా థెరపిస్ట్‌కు తెలియజేయాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే ఆ క్షణమే దగ్గరివారికి చెప్పి, అత్యవసర వైద్యసహాయం తీసుకోవాలి.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

ఉన్నచోట ఉండి కూడా లేనట్టు, తన శరీరం తనది కానట్టు తరచుగా అనిపించేవారికి, తనకు తాను హాని చేసుకునే ప్రమాదం ఉన్నవారికి, మద్యానికో మాదకద్రవ్యాలకో బానిసలై ఉన్నవారికి సన్నాహ దశ చాలా ఎక్కువ కాలం కావాలి. మూర్ఛవ్యాధి, కంటి జబ్బులు, గుండె సమస్యలు ఉన్నవారూ, గర్భిణులూ ముందుగా తమ వైద్యుడితో మాట్లాడాలి. ఇప్పటికీ హింస జరుగుతున్న ఇంట్లోనే ఉంటున్నవారికి మొదట కావలసింది భద్రత, జ్ఞాపకాల చికిత్స ఆ తర్వాతి సంగతి.

సైకోసిస్, అంటే లేనివి కనిపించడం, వినిపించడం, బలమైన భ్రమలు కలగడం వంటి జబ్బు ఉన్నవారికి ట్రామా చికిత్స అసలే పనికిరాదని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. నెదర్లాండ్స్‌లో 155 మందితో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని సడలించింది. సైకోసిస్‌తో పాటు పీటీఎస్‌డీ ఉన్న ఆ వ్యక్తుల్లో ఈఎండీఆర్ మేలు చేసింది, వారి జబ్బును ముదరబెట్టలేదు. అయితే ఇది సైకియాట్రిస్ట్ పర్యవేక్షణలోనే జరగాలి.

మందులు వాడుతూ ఈ చికిత్స తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. సెషన్లు మొదలయ్యాయి కదా అని మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు. ఏ మందులు, ఎంత మోతాదులో వాడుతున్నారో థెరపిస్ట్‌కు చెప్పాలి. మత్తు కలిగించే కొన్ని మందులు సెషన్‌లో భావోద్వేగాలను మొద్దుబారేలా చేయవచ్చు. వాటిని మార్చాలా వద్దా అన్నది వైద్యుడు తేల్చవలసిన విషయం.

పిల్లలకు పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే రూపం మారుతుంది. అంకెలకు బదులు చేతులు ఎంత చాచితే అంత బాధ అని చూపించమంటారు, బొమ్మ గీయమంటారు, వేళ్లకు బదులు చిన్న తోలుబొమ్మను కదుపుతారు. తల్లిదండ్రులో, పిల్లవాడు నమ్మే పెద్దవారో పక్కన ఉండవచ్చు.

చూపు లేనివారు, కళ్లు కదపలేనివారు ఏం చేయాలి?

రెండు అరచేతులపై మార్చిమార్చి తట్టడం, ఇయర్‌ఫోన్లలో ఎడమ చెవికొకసారి కుడి చెవికొకసారి శబ్దం వినిపించడం, చేతుల్లో పట్టుకునే చిన్న కంపించే పరికరాలు వాడటం వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. చేతులను ఛాతీపై అడ్డంగా పెట్టుకుని సీతాకోకచిలుక రెక్కల్లా భుజాలపై మార్చిమార్చి తట్టుకునే పద్ధతి కూడా ఉంది. 1997లో మెక్సికోలోని అకపుల్కోను తాకిన పౌలీన్ తుపాను బాధిత పిల్లలతో పనిచేస్తూ లూసీనా ఆర్టిగాస్ దాన్ని రూపొందించారు.

వీడియోలు చూసి ఇంట్లోనే చేసుకోవచ్చా?

బరువైన జ్ఞాపకాలతో చేసుకోవద్దు. తెర మీద అటూ ఇటూ తిరిగే చుక్కను చూడటం ప్రమాదకరంగా కనిపించదు, అందుకే ఈ హెచ్చరిక. జ్ఞాపకాన్ని తెరవడం సులువు. తెరిచాక ఊపిరాడనంత భయం ముంచుకొచ్చినప్పుడు ఎక్కడ ఆగాలో, ఎలా వర్తమానంలోకి తిరిగి రావాలో ఆ చుక్క చెప్పలేదు. నీటి లోతు తెలియని చోట ఒడ్డున మనిషి లేకుండా దిగడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. థెరపిస్ట్ నేర్పిన శ్వాస సాధనలు, ప్రశాంతమైన చోటును ఊహించుకునే సాధన మాత్రం ఇంట్లో నిరభ్యంతరంగా చేసుకోవచ్చు.

వీడియో కాల్ ద్వారా థెరపిస్ట్ సమక్షంలో జరిగే చికిత్స వేరు. అది సాధ్యమే. అయితే తలుపు వేసుకునే వీలున్న గది, తెగిపోని ఇంటర్నెట్, అవసరమైతే వెంటనే పిలవగలిగిన మనిషి ఒకరు ఉండాలి.

థెరపిస్ట్‌ను ఎలా ఎంచుకోవాలి?

ముందుగా ఆ వ్యక్తి మానసిక ఆరోగ్య రంగంలో చదువు, గుర్తింపు ఉన్నవారై ఉండాలి. ఈఎండీఆర్ శిక్షణ దానిపైన చేరవలసినదే తప్ప దానికి బదులు కాదు. శిక్షణ ఎక్కడ పొందారు, ఎవరి పర్యవేక్షణలో సాధన చేశారు, మీవంటి సమస్యతో ఎంతమందికి చికిత్స చేశారు అని అడగడానికి మొహమాటపడవద్దు. సరైనవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. మొదటి కలయికలోనే, గతం గురించి ఏమీ అడగకుండా వేళ్లు కదపడం మొదలుపెట్టేవారి దగ్గర ఆగవద్దు.

ఇంట్లోవారు ఎలా తోడ్పడగలరు?

ఈరోజు ఏం చెప్పావు, ఏం గుర్తొచ్చింది అని ఆరా తీయకుండా ఉండటమే పెద్ద సాయం. సెషన్ రోజున ఇంటిపని కొంత తాము అందుకోవడం, కోపమో మౌనమో ఎదురైతే దాన్ని తమ మీద కోపంగా తీసుకోకపోవడం, ఇంకా ఎన్నాళ్లు అని అడగకపోవడం చాలు.

నాకు పనిచేయకపోతే?

కొందరికి పనిచేయదు. ఏ చికిత్స విషయంలోనైనా ఇది నిజమే. కొన్నిసార్లు ఎంచుకున్న జ్ఞాపకం సరైనది కాకపోవచ్చు, దాని కింద మరింత పాతది ఉండవచ్చు. కొన్నిసార్లు సన్నాహం చాలకపోవచ్చు, లేదా థెరపిస్ట్‌తో నమ్మకం కుదరకపోవచ్చు. ఐదారు సెషన్ల తర్వాత కూడా కదలిక కనిపించకపోతే ఆ మాట నేరుగా థెరపిస్ట్‌తోనే మాట్లాడండి. ట్రామాపై దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ వంటి ఇతర మార్గాలకూ గట్టి ఆధారాలు ఉన్నాయి. ఒక పద్ధతిలో మేలు పొందనివారు మరో పద్ధతిలో కోలుకోవచ్చు. మొదటి చికిత్సలో నేర్చుకున్న నిలదొక్కుకునే సాధనలు రెండోదానిలోనూ ఉపయోగపడతాయి.